సోయా వేరుకుళ్ళు: ప్లేటులో ఫ్యుజేరియం వచ్చిందంటే దోషి అదేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. ప్రత్తిపాడు వైపు మెట్ట నల్లరేగడి, రెండెకరాల సోయా చిక్కుడు. విత్తి 65 రోజులు, కాయలో గింజ ఊరే దశ. పదిహేను రోజులుగా వాన లేదు. అక్కడక్కడా నాలుగైదు గజాల మేర మొక్కలు గుంపుగా వాడిపోయి, ఆకులు రాలకుండానే ఎండుతున్నాయి. కొట్టులో ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులన్నారు. కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని రెండుసార్లు మొదళ్ళలో పోసినా ఆగలేదు. వ్యవసాయ డిగ్రీ చదివే కుర్రాడొకరు వేరు ముక్కల్ని ప్లేటులో (శిలీంధ్రాన్ని పెంచే పోషక జెల్లీ పోసిన మూత పళ్ళెంలో) వేస్తే గులాబి ఛాయ ఉన్న తెల్ల బూజు వచ్చింది, అదీ ఫ్యుజేరియమే. మరి మందు ఎందుకు పనిచేయలేదు, అసలు ఏ శిలీంధ్రమో ఖాయంగా ఎలా తేల్చాలి?

సూటిగా చెప్పాలంటే, మీరు చెప్పిన లక్షణాలకు మొదటి అనుమానం మాక్రోఫోమినా ఫేసియోలినా మీదే. ఎండు వేరుకుళ్ళు, బొగ్గు కుళ్ళు అనేది దీన్నే. ప్లేటులో వచ్చిన ఫ్యుజేరియం చాలావరకు చచ్చిన వేరు మీదికి తర్వాత వచ్చి చేరిన బాపతు అయివుంటుంది. దాన్ని నమ్మకండి, అలాగని కొట్టిపారేయకండి. తేల్చడానికి మూడు మెట్లున్నాయి. పొలంలో వేరు గీకి చూడటం, సరైన ముక్కను సరైన పద్ధతిలో ప్లేటులో వేయడం, వచ్చిన శిలీంధ్రాన్ని ఆరోగ్యమైన మొక్కకు ఎక్కించి చూడటం. మీ దగ్గర రెండో మెట్టు మాత్రమే జరిగింది, అదీ సగమే.

ముందు పేర్ల గందరగోళం ఒకటి వదిలించుకుందాం. పాత పుస్తకాల్లో, కరపత్రాల్లో రైజోక్టోనియా బటాటికోలా అని కనిపించేది ఈ మాక్రోఫోమినానే. రైజోక్టోనియా సొలాని వేరే శిలీంధ్రం. రెంటినీ "రైజోక్టోనియా" అని ఒకే గాటన కట్టి మాట్లాడుకోవడం వల్ల సగం సలహాలు దారి తప్పుతున్నాయి.

పొలంలో చూడాల్సినవి

మొక్కను పట్టుకుని పీకొద్దు. పీకితే కుళ్ళిన బెరడు, పిల్లవేర్లు మట్టిలోనే ఉండిపోతాయి, చేతికి వచ్చేది శుభ్రంగా ఉన్న మధ్య పుల్ల మాత్రమే. పారతో చుట్టూ జానెడు దూరంలో, 20 సెంటీమీటర్ల లోతున మట్టిగడ్డతో సహా లేపి, బకెట్టు నీళ్ళలో పది నిమిషాలు నాననిచ్చి మట్టి వదిలించాలి.

తర్వాత మొదలు నుంచి తల్లివేరు వరకు పైపొరను బొటనవేలి గోటితో గీకండి. మాక్రోఫోమినా అయితే పైపొర తేలిగ్గా ఊడి, అడుగున బూడిద రంగులో మిరియాల పొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. ఇవే మైక్రోస్క్లిరోషియా, శిలీంధ్రం గట్టిపడి దాచుకున్న గింజల్లాంటివి. ఒక్కోటి 50 నుంచి 150 మైక్రాన్లు, అంటే కంటికి చుక్కగా ఆనుతుంది, పది రెట్ల భూతద్దంలో గుండ్రంగా విడివిడిగా తెలుస్తుంది. కాడను నిలువునా చీలిస్తే లోపలి కర్ర భాగంలో కూడా బూడిద, నలుపు చారలుంటాయి.

మన నల్లరేగడిలో ఇక్కడే పొరపాటు పడతారు. బెరడు పగుళ్ళలో ఇరుక్కున్న నల్లమట్టి అచ్చం అలాగే కనిపిస్తుంది. తడి దూదితో రుద్ది చూడండి. మరకలా పాకితే మట్టి. రుద్దినా కదలకుండా కణజాలంలో గుచ్చినట్టు ఉండిపోతే స్క్లిరోషియా. ఇంకో మాట, మొక్క వాడటం మొదలైన రోజునే ఈ చుక్కలు ఉండకపోవచ్చు. పూర్తిగా ఎండిన మొక్కలో స్పష్టంగా ఉంటాయి. అందుకే చుక్కల కోసం ఎండిన మొక్కను, ప్లేటు కోసం ఇప్పుడిప్పుడే వాడుతున్న మొక్కను తీసుకోవాలి. చాలామంది తిరగేసి చేస్తారు.

మిగతా అనుమానితులను పక్కన పెట్టడం ఇలా. మొదలు దగ్గర, సరిగ్గా నేల మట్టానికి, ఇటుక ఎరుపు లేదా ఎర్ర గోధుమ రంగులో లోపలికి నొక్కుకుపోయిన మచ్చ ఉండి, నెలలోపు మొక్కలు పడిపోతుంటే రైజోక్టోనియా సొలాని. మొదలు చుట్టూ తెల్లటి బూజు పట్టు దారాల్లా విసనకర్ర ఆకారంలో పాకి, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమ రంగు గుండ్లు ఉంటే స్క్లిరోషియం రోల్ఫ్‌సి. వేరుశనగ పండించినవాళ్ళు దీన్ని చూడగానే గుర్తుపడతారు. ఈ ఒక్కదానికే ప్లేటు అవసరం దాదాపు ఉండదు. బయట మొదలు శుభ్రంగా ఉండి, చీలిస్తే లోపలి నాళాలు మాత్రం గోధుమ రంగు తిరిగి ఉంటే ఫ్యుజేరియం ఆక్సిస్పోరం ఎండు తెగులు. తల్లివేరు కింది భాగం గోధుమ, నలుపుగా కుళ్ళి, పైన నేల దగ్గర కొత్త పిల్లవేర్లు వేసుకుంటూ మొక్క ఈడుస్తుంటే ఫ్యుజేరియం సొలాని తరహా. నీరు నిలిచిన చోట మొలకలు, లేత మొక్కలు పోతూ, పిల్లవేరును పట్టి లాగితే బెరడు తొడుగులా జారిపోయి లోపల దారం మిగిలితే పిథియం.

ఫైటోఫ్తోరా సోజే గురించి కూడా అడిగారు. అమెరికా సోయా ప్రాంతాల్లో అది పెద్ద శత్రువు. వేరు నుంచి కాడ మీదికి చాక్లెట్ రంగు మచ్చ ఎగబాకుతుంది. అది తడినేలల జబ్బు. పదిహేను రోజుల బెట్టలో, మెట్ట చేలో దాన్ని మొదటి అనుమానితుల్లో పెట్టాల్సిన పనిలేదు.

ఆకులు రాలకుండా వేలాడటం ఒక్కటే దేనికీ రుజువు కాదు. వేరు ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తే ఏ కారణానికైనా ఆకులు అలాగే ఎండుతాయి.

శిలీంధ్రం అని నిర్ణయించే ముందు కాడను చీల్చి తీరాలి. లోపలి బెండులో ఎర్రటి సొరంగం, అందులో చిన్న పసుపు తెలుపు పురుగు ఉంటే అది కాండపు ఈగ. కాడ చుట్టూ గాజు తొడిగినట్టు రెండు గాట్లుండి, పైభాగం మాత్రమే వాడితే గర్డిల్ బీటిల్. వేరు మీద ఉబ్బులు కనిపిస్తే గోటితో తోయండి. పక్కకు అంటుకున్నట్టుండి తేలిగ్గా రాలి, కోస్తే లోపల గులాబి రంగుంటే అవి నత్రజని బుడిపెలు, మొక్కకు మంచివే. వేరే లావెక్కి, ఊడకుండా ఉంటే నులిపురుగులు. కోతకొచ్చిన కాడ మీద నల్ల చుక్కలు వరుసగా, గీత గీసినట్టు ఉంటే అవి డయాపోర్తే అనే వేరే శిలీంధ్రం కాయలు, మాక్రోఫోమినా కాదు.

నమూనా తీయడంలోనే సగం ఫలితం

గుంపు నడిబొడ్డున చచ్చిన మొక్కలొద్దు. అంచున, నిన్నా మొన్నా వాడటం మొదలైన పది మొక్కలు తీయండి. వాటితో పాటు అదే చేలో ఆరోగ్యంగా ఉన్న మూడు మొక్కలు తప్పకుండా తీయండి. ఈ మూడు ఎందుకో కింద చెబుతాను, అసలు కిటుకు అక్కడే ఉంది.

వేర్లను న్యూస్‌పేపరులో చుట్టాలి. పాలిథిన్ కవరులో కట్టి బండి ముందు తగిలించుకుని మధ్యాహ్నం ఎండలో గుంటూరు తెస్తే, విప్పేసరికి బ్యాక్టీరియా పట్టి జిగురు జిగురుగా కంపు కొడుతుంది, ఇక దానిలోంచి ఏదీ తేలదు. నీళ్ళు చల్లొద్దు, డీప్ ఫ్రీజరులో పెట్టొద్దు. 24 గంటల్లోపు అందించండి. చీటీ మీద విత్తిన తేదీ, కిందటి పంట, చివరి వాన లేదా తడి ఎప్పుడు, ఏ మందు ఎప్పుడు పోశారు అన్నవి పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది. గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధనా కేంద్రంలోనో బాపట్ల వ్యవసాయ కళాశాలలోనో మొక్కల తెగుళ్ళ విభాగానికి ఇచ్చినా, ఈ చీటీ లేకపోతే వాళ్ళూ ఊహించాల్సిందే.

ప్లేటులో వేయడం

వేరును కుళాయి ధార కింద అరగంట కడగాలి. కుళ్ళినదీ బాగున్నదీ కలిసే సరిహద్దులో 5 మిల్లీమీటర్ల ముక్కలు కోయాలి. పూర్తిగా నల్లబడిన ముక్క వేస్తే శవం మీది ఈగల్ని లెక్కపెట్టినట్టే. మీ కుర్రాడి ప్లేటులో జరిగింది ఇదేనని నా అనుమానం.

ముక్కల్ని 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో ముంచాలి, తల్లివేరు ముక్కలు ఒక నిమిషం, సన్న వేర్లు 30 సెకన్లు. బజారు బ్లీచ్ 4 శాతం ఉంటే ఒక వంతుకు మూడు వంతుల నీళ్ళు. వేసవి అంతా మూత వదులుగా ఉన్న పాత సీసాలో ఆ 4 శాతం ఉండదు, క్లోరిన్ ఎగిరిపోతుంది. అప్పుడు పైపై బూజులు చావవు, ప్లేటు నిండా ఆస్పర్జిల్లస్ నల్ల పొడి వస్తుంది. దాన్ని చూసి "బొగ్గు కుళ్ళు దొరికింది" అని సంబరపడేవాళ్ళూ ఉన్నారు. బ్లీచ్ తర్వాత శుద్ధి చేసిన నీళ్ళలో మూడుసార్లు కడిగి, శుద్ధి చేసిన కాగితం మీద పూర్తిగా తడి ఆరనివ్వాలి. తడి ముక్క వేస్తే బ్యాక్టీరియా పాకుతుంది.

మాధ్యమం, అంటే శిలీంధ్రం పెరిగే జెల్లీ, మామూలు పీడీఏ (పొటాటో డెక్స్‌ట్రోజ్ అగర్) చాలు. లీటరుకు 200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించిన నీళ్ళు, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగర్. 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడిలో 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, ఫ్లాస్కు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక లీటరుకు 100 మిల్లీగ్రాముల స్ట్రెప్టోమైసిన్ కలపాలి. వేడిగా ఉండగా కలిపితే మందు చెడుతుంది. ప్లేటుకు నాలుగు ముక్కలు మించొద్దు.

ఒక సెట్టు 27 డిగ్రీల దగ్గర, ఇంకో సెట్టు 35 డిగ్రీల దగ్గర పెట్టండి. మాక్రోఫోమినాకు 30 నుంచి 35 డిగ్రీలంటే హుషారు, ఫ్యుజేరియం ఆ వేడిలో మందగిస్తుంది. 27 దగ్గర ఫ్యుజేరియం కమ్మేసిన నమూనాలోనే 35 దగ్గర మాక్రోఫోమినా బయటపడటం మామూలే.

పిథియం అనుమానమున్న నమూనాకు ఈ పద్ధతి పనికిరాదు. బ్లీచ్‌కు అదే ముందు చస్తుంది. దానికి ఒట్టి నీళ్ళతో బాగా కడిగి, తడి ఒత్తి తీసేసి, 2 శాతం నీటి అగర్ మీద వేసి, 24 గంటలకే చూడాలి. మూడో రోజు చూస్తే మిగతావి కప్పేసి ఉంటాయి. పిథియం రాలేదని రాసిన రిపోర్టుల్లో చాలావాటికి అర్థం "పిథియం కోసం వెతకలేదు" అనే.

ఏది ఏదో గుర్తుపట్టడం

మాక్రోఫోమినా మూడు నాలుగు రోజుల్లో 90 మిల్లీమీటర్ల ప్లేటు నింపుతుంది. మొదట తెలుపు, తర్వాత బూడిద, వారానికి బొగ్గు నలుపు. ప్లేటు తిరగేసి అడుగు వైపు చూస్తే నల్ల చుక్కలు అగర్‌లో పాతుకుని ఉంటాయి. రైజోక్టోనియా సొలాని కూడా వేగంగానే పెరుగుతుంది కానీ రంగు లేత గోధుమ, స్క్లిరోషియా ఏర్పడితే అవి గోధుమ రంగులో, ఆకారం లేకుండా పెద్దవిగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో 40 రెట్ల కటకం కింద లావుపాటి తంతువు (శిలీంధ్రపు దారం), దాదాపు లంబకోణంలో కొమ్మ, కొమ్మ మొదట్లో నొక్కు, ఆ పక్కనే అడ్డుగోడ కనిపిస్తాయి. సిద్ధబీజాలు అస్సలు ఉండవు. మాక్రోఫోమినాలోనూ కొమ్మలు ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి తంతువు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, నల్లటి గుండ్రటి స్క్లిరోషియా కూడా ఉండాలి.

స్క్లిరోషియం రోల్ఫ్‌సి దూది పరిచినట్టు తెల్లగా వచ్చి, వారం పది రోజులకు ఆవగింజలు పెడుతుంది. పిథియం ఒకటి రెండు రోజుల్లోనే ప్లేటు దాటుతుంది. దాని తంతువులో అడ్డుగోడలు దాదాపుగా ఉండవు.

ఫ్యుజేరియం నెమ్మది, ప్లేటు నిండటానికి వారం పైనే. అది ఫ్యుజేరియం అని చెప్పాలంటే కొడవలి ఆకారపు పెద్ద బీజాలు కనబడితే సరిపోతుంది. అందులో ఏ జాతో చెప్పాలంటే చిన్న బీజాలు ఏ కాడ మీద పుడుతున్నాయో చూడాలి. పొట్టి కాడ మీద ముద్దగా ఉంటే ఆక్సిస్పోరం వైపు, పొడుగు కాడ మీద ఉంటే సొలాని వైపు. పీడీఏ మీద రంగు చూసి చెప్పడం జూదం. గులాబి, ఊదా ఛాయలు మాధ్యమాన్ని బట్టి, వెలుతురును బట్టి మారిపోతాయి. కార్నేషన్ ఆకు ముక్కలు వేసిన అగర్ మీద 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటిలో పది, పన్నెండు రోజులు పెంచి చూస్తేనే బీజాలు నికరంగా తయారవుతాయి.

ఇప్పుడు ఆ మూడు ఆరోగ్యమైన మొక్కల సంగతి. ఫ్యుజేరియం మట్టిలో, ఆరోగ్యంగా ఉన్న వేరు బెరడులో కూడా మామూలుగా కాపురముండే జీవి. బాగున్న మొక్కల వేర్లను కూడా అదే పద్ధతిలో ప్లేటులో వేయండి. వాటిలోనూ జబ్బు మొక్కల్లో వచ్చినంతే ఫ్యుజేరియం వస్తే, మీ ప్లేటు ఏమీ రుజువు చేయనట్టే. లెక్క కూడా ముక్కల్లో కాదు, మొక్కల్లో వేయాలి. "40 ముక్కల్లో 22" అంటే ఘనంగా ఉంటుంది, అవన్నీ మూడు మొక్కలవే కావచ్చు. "పది మొక్కల్లో ఎనిమిది, బాగున్న మూడింటిలో సున్నా" అంటే అప్పుడు అది మాట.

కుండీ పరీక్ష లేకుండా ఖాయం అనకండి

తంతువు కొసను వేరుచేసి శుద్ధంగా పెంచిన శిలీంధ్రాన్ని జొన్నల మీద పెంచాలి. జొన్నలు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వార్చి, ఫ్లాస్కులో పోసి, ఒక రోజు ఎడంతో రెండుసార్లు ఆటోక్లేవ్ చేసి, 5 మిల్లీమీటర్ల శిలీంధ్రపు బిళ్ళలు నాలుగైదు వేసి, రెండు వారాలు ఉంచాలి. గడ్డ కట్టకుండా రెండు మూడు రోజులకోసారి ఊపుతుండాలి. శుద్ధి చేసిన మట్టి కిలోకు 50 గ్రాములు కలిపి అదే రకం విత్తనం వేయాలి. పక్కనే ఇంకో వరుస కుండీల్లో శిలీంధ్రం లేని, ఆటోక్లేవ్ చేసిన జొన్నలు అంతే మోతాదులో కలపాలి. ఒట్టి మట్టితో పోల్చి చూడటం తప్పు. మట్టిలో జొన్నలు కుళ్ళినా మొలకలు దెబ్బతింటాయి, ఆ నింద శిలీంధ్రం మీద పడుతుంది.

మాక్రోఫోమినాకైతే ఇంకో షరతు. రోజూ నీళ్ళు పోసి కుండీని చల్లగా ఉంచితే మొక్క హాయిగా బతికేస్తుంది, "ఇది రోగకారకం కాదు" అని తప్పుగా రాసేస్తారు. మూడు వారాలు మామూలుగా పెంచి, తర్వాత తడి సగానికి తగ్గించి, ఎండ తగిలేలా పెట్టాలి. చచ్చిన మొక్క వేరులోంచి మళ్ళీ అదే శిలీంధ్రం తీస్తేనే పరీక్ష పూర్తయినట్టు.

డీఎన్‌ఏ పరీక్ష గురించి క్లుప్తంగా. ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగాన్ని ఐటీఎస్1, ఐటీఎస్4 ప్రైమర్లతో సీక్వెన్సు చేయిస్తే మాక్రోఫోమినాకు, స్క్లిరోషియానికి సరిపోతుంది. ఫ్యుజేరియానికి ఐటీఎస్ చాలదు, ఈఎఫ్-1 ఆల్ఫా జన్యువు చేయించాలి. సీక్వెన్సును పోల్చి చూసే బ్లాస్ట్‌లో మొదటి వరుసలో వచ్చిన పేరునే రాసేయకండి, అది వెతికే జీన్‌బ్యాంకు భాండాగారంలో తప్పు పేర్లతో ఎక్కినవి చాలా ఉన్నాయి. పైగా డీఎన్‌ఏ చెప్పేది అక్కడ ఎవరున్నారన్నదే, ఎవరు చంపారన్నది కాదు.

మందు ఎందుకు పనిచేయలేదంటే

మాక్రోఫోమినా వేరులోకి మొలక దశలోనే దూరి, చప్పుడు చేయకుండా ఉండి, గింజ ఊరేటప్పుడు బెట్ట తగిలితే విరుచుకుపడుతుంది. మీకు మొక్క వాడటం కనిపించేనాటికి కర్ర నిండా స్క్లిరోషియా ఉంటాయి. వాటిని పైనుంచి పోసిన కార్బెండజిమ్ కదిలించలేదు. దానికి తోడు నెర్రెలిచ్చిన నల్లరేగడిలో పోసిన ద్రావణం నెర్రెల్లోంచి కిందికి జారిపోతుంది, వేరుకు అందేది కొద్దిగానే. అదే పిథియం అయివుంటే కార్బెండజిమ్ ఎంత పోసినా దండగే, ఎందుకంటే పిథియం, ఫైటోఫ్తోరా అసలైన శిలీంధ్రాలు కావు, ఊమైసీట్లు అనే వేరే తెగ జీవులు. వాటికి మెటలాక్సిల్ కావాలి. ఏ జీవో తేల్చాలనడం చదువు కోసం కాదు, డబ్బా మారుతుంది కాబట్టి.

ఈ పంటకు మీరు చేయగలిగింది, నీటి వసతి ఉంటే ఒక తేలికపాటి తడి. ఎండిన మొక్కలు తిరిగి లేవవు, పక్కవాటి మీద ఒత్తిడి తగ్గుతుంది. మూడో విడత కార్బెండజిమ్ పోయకండి. గుంపుల్లో ఎండిన మొక్కల్ని కోతప్పుడు వేర్లతో సహా ఏరి తగలబెట్టండి, వాటి గింజ విత్తనానికి ఉంచొద్దు. వచ్చే పంటగా మినుము, పెసర, నువ్వు, మొక్కజొన్న, పత్తి ఏది వేసినా మాక్రోఫోమినాకు విందే, అన్నీ దాని ఆతిథ్య పంటలే. కాలువ కింద వరి వేసే మాగాణిలో దీని బాధ తక్కువ. ఎందుకంటే తడి మట్టిలో స్క్లిరోషియా ఏడెనిమిది వారాలకు మించి నిలవలేవు, పొడి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. మీది మెట్ట కాబట్టి ఆ దారి లేదు. ఆఖరి దుక్కిలో 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) కలిపి, వారం పది రోజులు గోనె కప్పి, నీళ్ళు చిలకరిస్తూ పెంచి ఎకరాకు చల్లండి. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా పట్టించండి. ట్రైకోడెర్మా వాడేచోట కార్బెండజిమ్ వద్దు, ఆ మందు ట్రైకోడెర్మానూ చంపుతుంది. వేరుకు నత్రజని బుడిపెలు కట్టించే రైజోబియం బ్యాక్టీరియాను ఎప్పుడూ చివరగా, నీడలో పట్టించాలి.

నమూనా మళ్ళీ తీశాక ఇక్కడ ఫోటోలు పెట్టేట్టయితే నాలుగు పెట్టండి: కడిగి గీకిన మొదలు, నిలువునా చీల్చిన కాడ, ప్లేటు పైవైపు, ప్లేటు అడుగువైపు. ప్లేటు మీద వేసిన తేదీ కనబడాలి. పక్కన ఆరోగ్యమైన మొక్కల ప్లేటు కూడా ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.